గ్రహణం నాటి లడ్డూలు

తిండి మానలేక చికిత్సా కేంద్రంలో చేరానని చెబితే జనం ముందు నవ్వుతారు. నవ్వనివ్వండి. దయ్యం లేదు, బాణామతి లేదు, బాబా చేతిలోంచి ఊరికే విభూతి రాలదు అని ముప్పై ఏళ్లు వేదికల మీద అరిచినవాణ్ని. నవ్వులు నాకు కొత్త కాదు. నవ్వయిపోయాక అడుగుతారు: "తాగుడు మాన్పిస్తరు, సరే. తినుడు ఎట్ల మాన్పిస్తరు సారు? తినకపోతే సస్తరు గద?" ఇది మంచి ప్రశ్న. నేను కూడా ఇదే ప్రశ్న పట్టుకుని నిర్మల్ దగ్గర గుట్టల కింద ఉన్న ఆ కేంద్రానికి పోయాను, అక్కడివాళ్లను ఓడించి రావచ్చు అనుకుని.

నేను కరీంనగర్‌లో జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. మా బాపు బడిపంతులు. సంస్కరణ సభ ఎక్కడ జరిగినా సైకిలు తొక్కుకుంటూ పోయేవాడు. ఆదివారం పొద్దున మా అన్నదమ్ములం ముగ్గుర్నీ వసారాలో కూర్చోబెట్టి ఒక విషయం ఇచ్చేవాడు: విధవలు బొట్టు పెట్టుకోవచ్చా, చచ్చినవాళ్లకు పెట్టే బువ్వ ఎవరు తింటారు, ఇట్లాంటివి. ఒకడు అవునని వాదించాలి, ఒకడు కాదనాలి, మూడోవాడు తీర్పు చెప్పాలి. గెలిచినవాడికి మా అవ్వ నువ్వుల ముద్ద పెట్టేది. ఎక్కువసార్లు నేనే గెలిచేవాణ్ని. నమ్మిన పక్షం ఇచ్చినా గెలిచేవాణ్ని, నమ్మని పక్షం ఇచ్చినా గెలిచేవాణ్ని.

హేతువాద సంఘంలో చేరాక నాకు నచ్చిన కార్యక్రమం గ్రహణం నాటిది. గ్రహణం పట్టినప్పుడు అన్నం ముట్టకూడదు, కడుపుతో ఉన్నవాళ్లు బయటికి రాకూడదు, వండిన కూర పారబోయాలి అంటారు కదా. అదంతా అబద్ధమని చూపడానికి మేము నడి కూడలిలో బల్లలు వేసేవాళ్లం. సూర్యుణ్ని చూడటానికి నల్ల అద్దాలు పంచేవాళ్లం. గ్రహణం నడుస్తుండగానే అందరి ముందు తినేవాళ్లం. ఆ పని అప్పుడూ సరైనదే, ఇప్పుడూ సరైనదే. ఈ మాట వెనక్కి తీసుకునే ఉద్దేశం నాకు లేదు. కాకపోతే తక్కిన కార్యకర్తలు రెండు మిర్చీలు తిని మైకు అందుకునేవారు. నేను పట్టు దగ్గర మొదలుపెట్టి విడుపు దాకా తినేవాణ్ని. జనం చప్పట్లు కొట్టేవారు. అంత తిన్నా ఏమీ కాలేదని నన్నే సాక్ష్యంగా చూపేవారు.

గ్రహణాలు ఏడాదికి ఎన్ని వస్తాయి? మిగిలిన రోజులకు నా దగ్గర వేరే కారణాలు ఉండేవి. జమ్మికుంటలో సభ అయితే మార్కెట్ యార్డు ముందు హోటల్లో కార్యకర్తలతో ఒకసారి తినేవాణ్ని, వాళ్లను బస్సెక్కించి మళ్లీ అదే హోటల్లోకి పోయేవాణ్ని. మొక్కు అని, తద్దినం అని ఎక్కడ దావత్ జరిగినా ఎదురు వాదించే వంకతో పోయేవాణ్ని. ఇంట్లో నా పుస్తకాల బీరువాలో పాత పత్రికల బైండు వాల్యూముల వెనక బిస్కట్ ప్యాకెట్లు, కారా బూందీ పొట్లాలు ఉండేవి. ఆ వాల్యూములు మా ఇంట్లో నేను తప్ప ఎవరూ తియ్యరు. ఒకరోజు నా భార్య చీమల వరుస పట్టుకుని అక్కడిదాకా వచ్చింది. ఆమె కూడా టీచరే. ఒక్కొక్క వాల్యూమూ తీసి బల్ల మీద పెట్టి, వెనకనుంచి ఖాళీ కవర్లు తీసి పక్కన పేర్చి, "గిదేనా మీ పరిశోధన?" అంది.

నేను ఊరుకున్నానా? వాదించాను. చక్కెర ఎక్కడిది, గ్లూకోజు అంటే ఏమిటి, మెదడుకు అదెంత అవసరం అని పావుగంట చెప్పాను. ఆమె విని, "మీరు మాట్లాడేది నిజమే కావొచ్చు. మీరు చేసేది దొంగతనం," అని లోపలికి పోయింది.

జబ్బు సంగతి ముందు కన్ను చెప్పింది. ఒకనాడు పొద్దున పేపరు చదువుతుంటే అక్షరాల వరుస నడిమిట్ల వంగింది, నీళ్లలో పెట్టిన కట్టె వంగినట్టు. కరీంనగర్‌లో కంటి డాక్టరమ్మ చుక్కలు వేసి, లోపల ఫోటోలు తీసి, షుగర్ వల్ల కంటి వెనక పొర వాచిందని చెప్పింది. కంట్లోకి సూది ఇవ్వాలంది.

"సూది నేనిస్త సార్. షుగర్ మీరు ఆపాలె. అది ఆపకపోతే నేను ఎన్ని ఇచ్చినా లాభం లేదు. నడుస్తరు, తిరుగుతరు. చదువుడు మాత్రం పోతది."

చదువు పోతే నా దగ్గర మిగిలేది ఏమిటి? నేను పొలం ఉన్నవాణ్ని కాదు, షాపు ఉన్నవాణ్ని కాదు. చదివి, రాసి, మాట్లాడటమే నా బతుకు. ఆ రోజు ఇంటికి వచ్చి తీపి బందు పెట్టాను. నాలుగు రోజులు బందయింది. ఐదో రోజు బస్టాండులో ఒక కిలో జిలేబీ కొని, బస్సెక్కి, ఎక్కడికీ పోయే పని లేకపోయినా జగిత్యాల దాకా పోయి, తింటూ తిరిగి వచ్చాను. అట్లాంటి ప్రయత్నాలు ఏడాదిలో చాలాసార్లు చేశాను. ప్రతిసారీ నా దగ్గర కారణం ఉండేది. నా నోరు నాకంటే ముందే వాదన తయారుచేసి పెట్టేది.

ఆ కేంద్రం గురించి చెప్పింది కూడా ఆ డాక్టరమ్మే. అక్కడ చేరినవాళ్లలో చాలామంది తాగుడు మానడానికి వచ్చినవాళ్లు. తిండి కోసం వచ్చినవాళ్లం ఇద్దరమే. నేను, ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఒక టైలరమ్మ. నన్ను చూసి తాగుబోతులు తెగ నవ్వారు. "సారు, మాకు నైంటీ, మీకు ప్లేటు," అన్నాడొకడు. తిండికి బానిస కావడం జబ్బా కాదా అన్నదాని మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. నేను చదివే పోయాను. పేరు మీద వాదం నడవనివ్వండి. జగిత్యాల బస్సులో జిలేబీ తిన్న మనిషికి ఏ పేరు పెట్టినా అతను చేసిన పని మారదు.

అక్కడి పద్ధతి చెబుతాను. పొద్దున లేవగానే ఆ రోజు ఏం తింటామో, ఎంత తింటామో ఒక కాపీలో, అంటే నోటుబుక్కులో, రాయాలి. రాసింది మనకు జతగా పెట్టిన జోడీ మనిషికి పైకి చదివి వినిపించాలి. తరువాత తరాజు మీద తూచి, రాసినంతే తినాలి. ఒక ముద్ద ఎక్కువ వద్దు, ఒక ముద్ద తక్కువ కూడా వద్దు. వేళ తప్పకూడదు. కాపీలో లేనిది నోట్లో పడితే మర్నాడు పొద్దున అందరూ కూర్చున్నప్పుడు తానే లేచి చెప్పాలి. తిన్నందుకు ఎవరినీ పంపించరు, దాచినందుకు పంపిస్తారు.

నేను మొదట తరాజు మీద పడ్డాను. అది తప్పు చూపుతోందన్నాను. చేరిన మూడో రోజు, తలనొప్పితో, ఎవర్ని చూసినా కోపంతో, వంటింట్లోకి పోయి సీలు తియ్యని ఉప్పు ప్యాకెట్లు అడిగి, ఒక్కొక్కటీ దాని మీద పెట్టి చూశాను. వంట చేసే ముసలవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తూ నిలబడింది. తరాజు సరిగ్గానే ఉంది.

"అయిందా సారు పరీక్ష?" అంది అవ్వ. "ఇగ ఉప్పు నాకియ్యుండ్రి, పప్పుల ఎయ్యాలె."

రెండో తగాదా ప్రార్థన మీద. భోజనం ముందు అందరూ కళ్లు మూసుకుంటారు. నేను మూసుకోనన్నాను. కేంద్రం నడిపేది నిర్మల్ ఊరి మనిషి. ఒకప్పుడు తాగి అక్కడే చేరినవాడు, మానినాక అక్కడే పనికి కుదురుకున్నాడు. అందరూ భాయ్ అంటారు. ఆయన నా ఉపన్యాసమంతా విని తల ఊపాడు.

"మొక్కమని ఎవ్వరన్నరు సారు? పళ్లెం ముందట ఒక్క నిమిషం కూసోండి, బస్. దేవుడున్నోళ్లు దేవునితోటి మాట్లాడుతరు. లేనోళ్లు ఆకలున్నదా లేదా జర చూసుకుంటరు. మీకు గది గూడ కష్టమా?"

అది కష్టమే. అరవై ఏళ్లలో నేను ఆకలిని ఎప్పుడూ చూసుకోలేదు. ఆకలి అయ్యేదాకా ఎన్నడూ ఆగలేదు.

నా జోడీ మనిషి ఆ టైలరమ్మే. నలభై దాటిన మనిషి. ఎప్పుడూ మెడలో టేపు వేసుకుని ఉండేది. కేంద్రంలో కుట్టుపని లేకపోయినా అది తీసేది కాదు. ఇంటి దగ్గర వారానికి మూడు ఒక్కపొద్దులు ఉండేదట, ఏకాదశులు వేరే. పగలంతా మంచినీళ్లు కూడా ముట్టేది కాదట. పొద్దు గుంకినాక దేవునికి దీపం పెట్టి, గంజు గిన్నె నిండా పోహా చేసి గిన్నెలోంచే తినేదట, వాంతి అయ్యేదాకా. మర్నాడు సిగ్గుతో ఇంకో దేవునికి ఇంకో ఒక్కపొద్దు మొక్కేది. ఇది విన్నప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఉపవాసం మనిషిని ఎట్లా చెడగొడుతుందో చెప్పే ఉదాహరణ నా కళ్లముందే కూర్చుంది. ఆమె మీద ఒక వ్యాసం మనసులోనే రాసేసుకున్నాను. రోజూ పొద్దున కాపీలు చదువుకునేటప్పుడు ఆమెకు ఒక పాఠం చెప్పేవాణ్ని.

"సారు, మీరు మాట్లాడుతుంటే రేడియో పెట్టినట్టుంటది," అనేది. "జర మీ రొట్టెలెన్నో ముందుగాల చెప్పుర్రి. నాకు ఆకలైతుంది."

నెల రోజులు గడిచాయి. షుగర్ దిగింది. తలనొప్పి పోయింది. గుట్ట కింది బాట వెంట రోజూ నడిచేవాళ్లం. నేను గెలిచాననే అనుకున్నాను. అప్పుడే దీపావళి వచ్చింది.

పండుగనాడు అందరి ఇళ్లవాళ్లూ మిఠాయి డబ్బాలు పట్టుకుని వచ్చారు. గేటు దగ్గరే వాటిని తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టారు, మర్నాడు ఊళ్లో పంచాలని. మర్నాడు పొద్దున్నే ఒకతనికి ఫిట్స్ వచ్చాయి. భాయ్ అతన్ని తీసుకుని నిర్మల్ దవాఖానకు పోయాడు. డబ్బాలు బీరువాలోనే ఉండిపోయాయి. ఆ సాయంత్రమే సూర్యగ్రహణం.

మధ్యాహ్నం భోజనాలవుతుంటే వంట అవ్వ చెప్పేసింది: "మూడింటికి పొయ్యి ఆర్పుత. గ్రహణం ఇడిసినంక తానం జేసి, వంటిల్లు కడిగి, అప్పుడు అంటువెడత. రాత్రి బువ్వ జర ఆలిశమైతది."

మా రాత్రి భోజనం ఆరున్నరకు. వేళ తప్పకూడదన్నది కేంద్రం నియమం. నాకు ఒళ్లు మండింది.

"అవ్వా, సూర్యునికి నీ పొయ్యికి ఏం సంబంధం?"

"ఏమో సారు. మా అత్త జేసింది, నేను జేస్తున్న. బువ్వ ఆలిశమైతది గంతే, బువ్వయితే అస్తది గద?"

ఆమెకు జవాబు చెప్పి ఊరుకుంటే సరిపోయేది. భాయ్‌కు ఫోను చేయిస్తే సరిపోయేది. నేను అందర్నీ ముంగిట్లోకి పిలిచాను. అట్ట ముక్కకు సూదితో రంధ్రం పొడిచి, గోడ మీద సూర్యుని బింబం పడేటట్టు పెట్టాను. గ్రహణం పట్టినప్పుడే రోకలి పళ్లెంలో నిటారుగా నిలబడుతుందని మన దగ్గర నమ్ముతారు. వంటింట్లోంచి రోకలి తెప్పించి, గ్రహణం పట్టడానికి ఇంకా గంట ఉండగానే నిలబెట్టి చూపించాను. అడుగు చదునుగా ఉంటే ఏ రోకలైనా, ఏ రోజైనా నిలబడుతుంది. తాగుబోతులు ఈలలు వేశారు. అవ్వ కూడా దగ్గరికి వచ్చి రోకలి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "గిన్నేండ్లసంది గిదా కథ!" అంది.

ఐదు దాటాక గోడ మీది వెలుగు ముక్క ఒక పక్క కొరికినట్టయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నెల రోజుల తరువాత మళ్లీ జనం ముందు మాట్లాడుతున్నాను. రక్తం ఉరికింది. "ఇప్పుడు తిని చూపిస్త," అన్నాను.

ఆఫీసు చూసే మనిషి వెనకాడాడు. "భాయ్ రానియ్యుండ్రి సారు."

"భాయ్ వచ్చేసరికి గ్రహణం ఇడుస్తది. తాళం చెవి నీ దగ్గరుంది గద? లేకపోతే నువ్వు గూడ భయపడుతున్నవా?"

ఆ మాటతో అతను బీరువా తీశాడు. పైన ఉన్న డబ్బా లడ్డూలది. ఒకటి తీసి, వెలుగు ముక్క ముందు నిలబడి తిన్నాను. "ఏమైంది? పడిపోయిన్నా?" అన్నాను. లేదు సారూ అని అరిచారు. వెనకనుంచి ఎవడో, "ఒక్కదానికి ఏం తెలుస్తది సారు, ఇంకోటి తినుండ్రి," అన్నాడు. వాడు ఎగతాళికే అని ఉంటాడు. నేను తిన్నాను. తాగుబోతులు కూడా తలా ఒకటి తీసుకున్నారు. తరువాత టైలరమ్మ కనబడింది, గోడకు ఆనుకుని, మెడలో టేపు రెండు చేతులా పట్టుకుని.

"రా చెల్లె. భయమా?"

"భయం గాదు సారు. కాపీల రాయలే."

ఆ జవాబు నా చెవిన పడింది. ఇప్పటికీ ఆ గొంతు వినబడుతుంది. ఆ రోజు నాకది సాకులాగా తోచింది. ఒక్కపొద్దుల మనిషి, దేవుని పేరు చెప్పలేక కాపీ పేరు చెబుతోందనుకున్నాను.

"కాపీ పక్కకు పెట్టు. ఇది కాపీకన్న పెద్దది. ఇన్నేండ్ల భయం ఒక్క లడ్డుతోటి పోతది, తిను."

అంతమంది మగవాళ్లు ఆమెనే చూస్తున్నారు. ఆమె వచ్చి నా చేతిలోంచి లడ్డూ తీసుకుంది. కళ్లు మూసుకుని తిన్నది. అందరూ ఈలలు వేశారు. నేను మొత్తం ఎన్ని తిన్నానో సరిగ్గా చెప్పలేను. పొద్దు గుంకి, గోడ మీద వెలుగు పోయి, చూసేవాళ్లందరూ లోపలికి పోయినాక కూడా డబ్బా నా చేతిలోనే ఉంది. అప్పుడు ఎవరికి రుజువు చేస్తున్నాను?

మర్నాడు పొద్దున పేపరు విప్పితే పెద్ద అక్షరాలు కూడా మసకగా కనబడ్డాయి. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను. సూది పొడిచి షుగర్ చూసిన నర్సు ఒకసారి నా ముఖం చూసి, మిషను తప్పేమో అని ఇంకో వేలు పొడిచింది. మిషను తప్పు కాదు. కాపీలు చదువుకునే చోటికి టైలరమ్మ రాలేదు.

అందరం కూర్చున్నాక భాయ్ నా వైపు చూశాడు. "సారు, చెప్పేది ఏమన్న ఉన్నదా?"

నేను లేచాను. అది తినడం కిందికి రాదన్నాను. అది ప్రయోగం అన్నాను. మూఢనమ్మకం మీద దాడి అన్నాను. వేళకు అన్నం పెట్టకుండా నియమం తప్పింది వంటిల్లే అన్నాను. గంటసేపు మాట్లాడాను. ఒక్కరు కూడా ఎదురు చెప్పలేకపోయారు. బాపు వసారాలో ఉంటే ముద్ద నాకే వచ్చేది.

"గెలిచిన్రు సారు," అన్నాడు భాయ్. "మీ తోటి మాట్లాడి గెలిచేటంత తాకత్ మాకెవ్వరికి లేదు. మల్ల కన్ను సంగతి ఏం జేద్దాం?"

అప్పుడు టైలరమ్మ లేచింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. రాత్రి తాళం వెయ్యని బీరువాలోంచి ఇంకో డబ్బా తీసుకుపోయి, ఆడవాళ్ల గదిలో దుప్పటి కప్పుకుని మొత్తం తిన్నానని చెప్పింది. నెల మీద రెండు రోజులు నిలబెట్టుకున్నది పోయిందని చెప్పింది. తరువాత నా వైపు తిరిగింది.

"నేను ఇన్నేండ్లు దేవుని పేరు చెప్పి తిన్న. మీరు దేవుడు లేడని చెప్పి తిన్నరు. కడుపుల పడ్డది ఒక్కటే గద సారు?"

కూర్చుంది. నా నోట్లో జవాబు తయారుగానే ఉంది. ఉపవాసానికీ ప్రదర్శనకూ తేడా ఉంది, ఉద్దేశం వేరు, సందర్భం వేరు. అదంతా చెప్పగలను. మొదలుపెట్టబోయి ఆగాను. లేచి బయటికి వచ్చి రోకలి నిలబెట్టిన చోట నిలబడ్డాను.

నేను ఫిజిక్సు చెప్పినవాణ్ని. ప్రయోగం అన్నాను కనుక, పిల్లల ప్రయోగం దిద్దినట్టు నా ప్రయోగం దిద్దాను. గ్రహణం వేళ తింటే ఏమీ కాదని చూపాలి. దానికి ఏం కావాలి? ఏదైనా తిండి, ఒక ముద్ద. మధ్యాహ్నం చేసిన జొన్నరొట్టెలు గంపలో మిగిలే ఉన్నాయి. నా రాత్రి భోజనంలో రెండు రొట్టెలు రాసుకున్నాను కూడా. గ్రహణం వేళ అందులోంచి ఒక ముక్క తిని, ఆరున్నరకు మిగిలినవి తింటే రుజువూ అయ్యేది, నియమమూ నిలిచేది, అవ్వ మడీ అవ్వకే ఉండేది. రొట్టె నాకు ఎందుకు గుర్తు రాలేదు? లడ్డూ డబ్బా ఎందుకు గుర్తొచ్చింది? ఒకటితో రుజువైనదానికి డబ్బా ఎందుకు ఖాళీ అయింది? పొద్దున్నుంచీ ఆ డబ్బాలు ఏ అరలో ఉన్నాయో నాకెందుకు తెలుసు?

ఈ ప్రశ్నలన్నిటికీ ఒకే జవాబు ఉంది. ముప్పై ఏళ్లలో అన్ని గ్రహణాల బల్లల మీదా అదే జవాబు ఉంది. నా హేతువాదం అబద్ధమని దీనివల్ల తేలలేదు. దాన్ని అందరి మీదా ప్రయోగించి ఒకే ఒక్క మనిషిని వదిలేశానని తేలింది. బాబాల సంచులు వెతికినవాణ్ని, నా సంచి వెతకలేదు.

లోపలికి పోయాను. అందరూ అట్లాగే కూర్చుని ఉన్నారు. "నిన్న నేను కాపీలో లేనిది తిన్న," అన్నాను. "గ్రహణం కోసం తినలే. తినాలె అనిపించి తిన్న, గ్రహణం దొరికింది. చెల్లెకు నేనే తినిపించిన. ఆమె సరైన మాట చెప్పింది, నేను ఇనలే." ఇంతకంటే తక్కువ మాటల్లో నేను ఎన్నడూ ఉపన్యాసం ముగించలేదు.

వెనక కూర్చున్న ఒక తాగుబోతు, "మేము గూడ దీపావళి దొరికితే దీపావళికి, చావు దొరికితే చావుకు తాగినోళ్లమే సారు," అన్నాడు.

బయట టైలరమ్మ కాళ్లకు చెప్పులు వేసుకుంటుంటే పోయి మాఫీ అడిగాను. ఆమె రెండో చెప్పు కూడా వేసుకుంది. తరువాత కొంగులోంచి కాపీ తీసింది.

"మాఫీ ఏం జేసుకోవాలె సారు? నాది ఇయ్యాల ఒకటో దినం. మీది గూడ ఒకటో దినమే. కూసోండి, రాసుకుందాం. ఇయ్యాల ఉపన్యాసం చెప్తే మాత్రం లేసి పోత."

ఉపన్యాసం చెప్పలేదు. ఇద్దరం రాసుకున్నాం. ఆమె చదివింది, నేను విన్నాను. నా కన్ను మసకగా ఉంటే నా రాత నాకే కనబడక రెండుసార్లు తడబడ్డాను. ఆమె ఓపికగా కూర్చుంది.

అనుకున్నదానికంటే ఇరవై రోజులు ఎక్కువ ఉండి ఇంటికి వచ్చాను. బీరువాలో వాల్యూములను గోడకు ఆనించి, వెనక చెయ్యి పట్టకుండా సర్దాను. నా భార్య చూసి ఒక చిన్న తరాజు తెచ్చి వంటింట్లో పెట్టింది. బంధువుల ఇంటికి పోతే తూచిన నా అన్నం డబ్బా నేను పట్టుకుపోతాను. ఒకాయన, "ఏందన్నా, మడి కట్టినవా?" అని ఎగతాళి చేశాడు. మడికి కారణం అడగకూడదు, దీనికి అడగొచ్చు, అడుగు అన్నాను. అడిగాడు. చెప్పాను. వెళ్లేటప్పుడు చెవిలో ఆ కేంద్రం ఎక్కడుందని వాకబు చేశాడు.

సంఘంలో కూడా మాట్లాడాను. గ్రహణం కార్యక్రమం ఆపొద్దని గట్టిగా చెప్పాను. బల్ల మీద మిర్చీలు, మిఠాయిలు పెట్టడం మానమన్నాను. ఎవరి ఇంటి సద్ది వాళ్లు తెచ్చుకుని, ఎవరి వేళకు వాళ్లు మామూలుగా తింటే చాలు. గ్రహణాన్ని లెక్కచేయనివాడు గ్రహణం కోసం మానడు, గ్రహణం కోసం తినడు. కుర్ర కార్యకర్తలు కొందరికి ఇది చప్పగా అనిపించింది. "జనం ఎట్ల అస్తరు సారు మరి?" అన్నారు. రోకలి నిలబెట్టండి, వస్తారు అన్నాను. ఓటు పెడితే నా మాటే నెగ్గింది.

టైలరమ్మతో ఇప్పటికీ పొద్దున ఫోనులో కాపీలు చదువుకుంటాం. మొన్న ఏకాదశినాడు ఒక్కపొద్దు ఉండలేదని చెప్పింది.

"దేవునికి చెప్పిన సారు, ఇగ నాతోని కాదు, వేళకు తింట అని. ఆయన ఏమనలే."

ఏమీ అనలేదన్న ఆ మాట మీద నాకు ఒక గంట మాట్లాడాలనిపించింది. నవ్వి ఊరుకున్నాను. ఆమె కూడా నవ్వింది. నేను ఎందుకు నవ్వానో ఆమెకు తెలుసు.

పోయిన వారం కంటి డాక్టరమ్మ దగ్గరికి పోయాను. మళ్లీ చుక్కలు వేసి, ఫోటోలు తీసి, పాతవి కొత్తవి పక్కపక్కన పెట్టి చూసింది. ఎడమ కంట్లో పోయిన చూపు తిరిగి రాదంది. కుడి కంట్లో వాపు తగ్గిందంది.

"చదువుడు నడుస్తదా అమ్మా?"

"షుగర్ గిట్లనే ఉంటే నడుస్తది సార్."

ఇట్లాగే ఉంటుందని చెప్పి బయటికి వచ్చాను. చుక్కల మసక పోయేదాకా వరండాలో కూర్చున్నాను. భోజనం వేళకు ఇంకా గంటన్నర ఉంది. నడుచుకుంటూ పుస్తకాల షాపుకు పోయి, చాలా రోజులుగా అనుకుంటున్న లావుపాటి చరిత్ర పుస్తకం అడిగాను. షాపాయన నా అద్దాలు చూసి, "అక్షరాలు జర చిన్నగుంటయి సారు," అన్నాడు. కౌంటరు దగ్గరే తెరిచి, కుడి కంటితో మొదటి పేజీ చివరిదాకా చదివి, కట్టమన్నాను.